ఆరో అమైనో ఆమ్లం దేన్ని తాకింది?

మెహిదీపట్నం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లేవాళ్లు పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద 11.6 కిలోమీటర్లు ప్రయాణించి ఆరాంఘర్ దగ్గర కిందికి దిగుతారు. ఆ పక్కనే శివరాంపల్లి. జాతీయ పోలీసు అకాడమీ ఉన్న చోటుగానే అది చాలామందికి తెలుసు. తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉన్నది కూడా అక్కడే. 1998లో మొదలైన ఈ సంస్థకు దూరపు జిల్లాల నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. పిల్లలకు రక్తం ఎక్కిస్తారు, మందులిస్తారు, మళ్లీ ఎప్పుడు రావాలో చెబుతారు. ఆ దారిలో విమానం అందుకోవడానికి పరుగెత్తే కార్లలోని వాళ్లకు ఈ సంగతి తెలిసే అవకాశం తక్కువ.

అక్కడికి వచ్చే పిల్లల్లో ఎక్కువమందిది తలసీమియా. హిమోగ్లోబిన్ గొలుసులు శరీరంలో చాలినంతగా తయారు కాకపోవడం ఆ జబ్బుకు మూలం. సికిల్ సెల్ సంగతి వేరు. ఇందులో హిమోగ్లోబిన్ తయారవుతుంది, ఆక్సిజన్‌ను అందుకుంటుంది, వదులుతుంది. చిక్కంతా ఒక హిమోగ్లోబిన్ అణువు పక్కనున్న మరో హిమోగ్లోబిన్ అణువును తాకే తీరులో ఉంది. ఉండకూడని చోట ఒక్క స్పర్శ ఏర్పడుతుంది. ఎముకల్ని పిండే నొప్పి, తరిగిపోయే రక్తం, దెబ్బతినే ప్లీహం, చిన్న వయసులోనే వచ్చే పక్షవాతం అన్నీ అక్కడి నుంచి మొదలైనవే.

ప్రోటీన్లలో ఏ అమైనో ఆమ్లం దేన్ని తాకుతోందో లెక్కించి చూసే విద్య ఒకప్పుడు పెద్ద ప్రయోగశాలలకే పరిమితం. ఇప్పుడు ఇంటర్నెట్ ఉన్న ఏ కంప్యూటర్ మీదైనా, పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. అందుకు కావలసిన పరికరం ఒకటి హైదరాబాద్‌లోనే తయారైంది. అయినా మన డిగ్రీ, ఫార్మసీ విద్యార్థుల్లో అత్యధికులు చదువు ముగిసేదాకా ఒక్క ప్రోటీన్‌ను కూడా విప్పి చూడరు. ఈ లోటు తీరాలి. అందుకు తొలి పాఠంగా సికిల్ సెల్ హిమోగ్లోబిన్‌ను మించినది లేదు.

ఆ స్పర్శ ఏమిటో కాస్త నిదానంగా చూడాలి. హిమోగ్లోబిన్ అణువులో నాలుగు గొలుసులుంటాయి: ఆల్ఫా రెండు, బీటా రెండు. ఆల్ఫా గొలుసులో 141 అమైనో ఆమ్లాలు, బీటా గొలుసులో 146. అన్నీ కలిపితే 574. బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాలి. దానికి రుణావేశం ఉంటుంది, నీటితో బాగా కలుస్తుంది. సికిల్ సెల్ ఉన్నవారిలో జన్యువులో ఒక్క అక్షరం మారడం వల్ల అక్కడ వాలీన్ వచ్చి చేరుతుంది. వాలీన్‌కు ఆవేశం లేదు, నీటికి దూరంగా ఉండాలని చూస్తుంది. మొత్తం 574లో మారినవి రెండే, బీటా గొలుసుకు ఒకటి చొప్పున. పైగా అవి అణువు లోపల కాదు, పైపొర మీద ఉన్నాయి. అందువల్ల అణువు ఆకారం ఇంచుమించు మామూలుగానే ఉంటుంది.

ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నింపుకుని ఉన్నంతసేపూ ప్రమాదం లేదు. కండరాల దగ్గర ఆక్సిజన్‌ను వదిలేశాక హిమోగ్లోబిన్ గొలుసులు ఒకదాని పక్కన ఒకటి కొద్దిగా జరుగుతాయి. ఆ భంగిమలో బీటా గొలుసు మీద 85వ స్థానంలోని ఫినైల్ అలనీన్‌కూ 88వ స్థానంలోని లూసీన్‌కూ మధ్య ఉన్న చిన్న గుంట పక్క అణువుకు అందుబాటులోకి వస్తుంది. ఆ గుంట కూడా నీటిని ఇష్టపడని చోటే. పక్క అణువు మీది వాలీన్ కాజాలోకి గుండీ దూరినట్టు అందులోకి దిగుతుంది. ఈ గుంట అందరి హిమోగ్లోబిన్‌లోనూ ఉంది, అందులో ఇమిడే వాలీన్ మాత్రం ఆరో స్థానంలో అందరికీ లేదు.

ఒక అణువు ఇంకో అణువును, అది మరో అణువును పట్టుకుంటూ పోతే పొడవైన పోగు తయారవుతుంది. పద్నాలుగు వరుసలు మెలితిరిగిన గట్టి పోగు అది. ఒక్కో ఎర్ర రక్తకణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులుంటాయి కాబట్టి పోగులకు సరుకు కొరత లేదు. అవి కణాన్ని లోపలి నుంచి సాగదీస్తాయి. మెత్తగా వంగుతూ సన్నని రక్తనాళాల గుండా జారిపోవాల్సిన కణం కొడవలిలా బిగుసుకుని దారికి అడ్డం పడుతుంది. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతికితే, ఈ కణం పది నుంచి ఇరవై రోజుల్లోనే నశిస్తుంది.

ఈ జబ్బు మూలం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని 1949లో లైనస్ పౌలింగ్ బృందం చూపింది. ఒక జబ్బును ఒక అణువు దాకా వెంటాడి పట్టుకోవడం వైద్య చరిత్రలో అదే మొదలు. ఏ అమైనో ఆమ్లం మారిందో 1956–57లో కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చాడు. మన దేశంలో ఈ జబ్బును తొలిసారి గుర్తించింది 1952లో, నీలగిరి కొండల ఆదివాసుల్లో. తరవాత మధ్య భారతం అంతటా, ఆదిలాబాద్ నుంచి విశాఖ మన్యం దాకా అది కనిపిస్తూ వచ్చింది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 2047ను గడువుగా పెట్టుకుంది, ఏడు కోట్ల మందికి పరీక్షలు జరపాలని సంకల్పించింది. పరీక్ష జరిపి కార్డు చేతికివ్వడంతో పని పూర్తి కాదు. ఆ కార్డులో రాసినదాని అర్థం ఆదివాసీ తల్లికి ఆమె మాటల్లో చెప్పగలిగేవాళ్లు కావాలి. ఇది అంటువ్యాధి కాదని, శాపం అసలే కాదని, తల్లిదండ్రులిద్దరికీ వాహక లక్షణం ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చేందుకు నాలుగింట ఒక వంతు అవకాశముందని వివరించాలంటే, వివరించేవాళ్లకు ముందు ఆ అణువు తెలిసి ఉండాలి.

విమానాశ్రయానికీ ఈ కథకూ నేరు సంబంధమే ఉంది. విమానం ఎంత ఎత్తులో ఎగిరినా లోపలి గాలి ఒత్తిడిని సుమారు 8 వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉండేంతకు మించి తగ్గనివ్వరు. ఆ ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో నాలుగింట మూడు వంతులకు పడిపోతుంది, దాంతోపాటే ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా. ఆరోగ్యవంతులకు ఇది తెలియనైనా తెలియదు. సికిల్ సెల్ ఉన్నవారిలో మాత్రం ఆక్సిజన్ వదిలేసిన అణువుల వంతు పెరుగుతుంది, అంటే ఆ గుంటలు మరిన్ని అందుబాటులోకి వస్తాయి. దూర ప్రయాణానికి ముందు వైద్యుణ్ని కలవమని, దారిలో నీళ్లు బాగా తాగమని, ఒళ్లు వెచ్చగా ఉంచుకోమని చెప్పడానికి కారణమిదే. నీళ్ల సంగతి మరీ ముఖ్యం. కణంలో నీరు కాస్త తగ్గి హిమోగ్లోబిన్ చిక్కబడితే పోగులు అల్లుకునే వేగం కొద్దిగా కాదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. గల్ఫ్‌కు బతుకుదెరువు కోసం ఇక్కడి నుంచే విమానమెక్కే ఉత్తర తెలంగాణ యువకుల్లో తమకు ఏ హిమోగ్లోబిన్ ఉందో తెలిసి వెళ్తున్నవాళ్లు ఎందరు? ఎడారి ఎండలో, చెమటలు కక్కే పనిలో ఈ ప్రశ్నకు ప్రాణమంత విలువ ఉంది.

ఒక స్పర్శ జబ్బు తెచ్చింది. స్పర్శ కుదరకుండా చేసే మరో అమైనో ఆమ్లం అదే జబ్బును అడ్డుకుంటుంది. ఈ కథలో మనసును ఎక్కువగా పట్టుకునే భాగం ఇదే. గర్భంలో ఉన్న శిశువు రక్తంలోని హిమోగ్లోబిన్‌లో, అంటే శిశు హిమోగ్లోబిన్‌లో, బీటా గొలుసుల బదులు గామా గొలుసులుంటాయి. బీటా గొలుసులో 87వ స్థానంలో థ్రియోనీన్ ఉంటే, గామాలో అదే చోట గ్లుటమీన్ ఉంటుంది. 85కూ 88కూ మధ్యనే 87 ఉందన్నది గమనించాలి. ఆ గుంట అంచునే కాస్త పెద్ద అమైనో ఆమ్లం కూర్చోవడంతో పక్క అణువు అక్కడ సరిగా ఒదగదు. సికిల్ సెల్‌తో పుట్టిన పిల్లలు తొలి కొన్ని నెలలు హాయిగా ఉండి, శిశు హిమోగ్లోబిన్ తగ్గిన కొద్దీ నొప్పుల్లోకి జారుకోవడానికి కారణం ఇక్కడే ఉంది. దశాబ్దాలుగా వాడుకలో ఉన్న హైడ్రాక్సీయూరియా మాత్ర చేసే ముఖ్యమైన మేలు శిశు హిమోగ్లోబిన్‌ను తిరిగి పెంచడమే. మన దేశపు సికిల్ సెల్ రోగుల్లో చాలామందికి శిశు హిమోగ్లోబిన్ వంతు సహజంగానే కొంత ఎక్కువగా ఉంటుంది. వారిలో కొందరికి జబ్బు తీవ్రత తక్కువగా కనిపించడానికి అది ఒక కారణం. దీన్ని పట్టుకుని మన దగ్గర ఈ జబ్బు తేలికేనని అనుకోవడం ప్రమాదకరం. శివరాంపల్లికి వచ్చే కుటుంబాలను అడిగితే ఆ మాట ఎంత తప్పో తెలుస్తుంది.

2023 డిసెంబరు 8న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సికిల్ సెల్‌కు రెండు జన్యు చికిత్సలను ఒకేరోజు ఆమోదించింది. వాటిలో ఒకటైన లిఫ్‌జీనియాలో రోగి మూలకణాల్లోకి పంపే బీటా గొలుసు జన్యువుకు శాస్త్రవేత్తలు చేసిన మార్పు ఒక్కటే. 87వ స్థానంలో థ్రియోనీన్‌ను తీసి గ్లుటమీన్ పెట్టారు. శిశువు రక్తంలో ప్రకృతి చేసినదాన్నే వాళ్లు పెద్దవాళ్ల గొలుసులో చేశారు. దాని ధర 31 లక్షల డాలర్లు, అంటే పాతిక కోట్ల రూపాయల పైమాట. మన ఆదివాసీ కుటుంబాలకు అది అందే రోజు కనుచూపు మేరలో లేదు. అయితే అలాంటి చికిత్సకు పునాదిగా నిలిచిన పరిశీలనను, అంటే ఏ అమైనో ఆమ్లం ఏ దూరంలో దేన్ని తాకుతోందన్న లెక్కను, ఎవరైనా ఉచితంగా చేసి చూడవచ్చు.

ఈ లెక్క దక్షిణ భారతానికి కొత్త కాదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954–55లో కొలాజెన్ ప్రోటీన్‌కు మూడు పేటల నిర్మాణాన్ని ప్రతిపాదించారు. ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ దాని మూలభావాన్ని ఒప్పుకుంటూనే, అందులో కొన్ని పరమాణువులు ఉండదగినదానికన్నా దగ్గరగా ఉన్నాయని ఆక్షేపించారు. ఎంత దగ్గర అయితే మరీ దగ్గర? రామచంద్రన్ ఆ ప్రశ్నను వదల్లేదు. అప్పటిదాకా వెలువడిన స్ఫటిక నిర్మాణాలను వెతికి, బంధం లేని రెండు పరమాణువులు ఒకదానికొకటి ఎంత దూరం దాకా రాగలవో పట్టికలు వేయించారు. ఆ కనీస దూరాల ఆధారంగా రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి 1963లో ప్రచురించినదే నేడు ప్రపంచమంతా రామచంద్రన్ మ్యాప్ అని పిలిచే చిత్రం. కొత్త ప్రోటీన్ నిర్మాణం ఏది వచ్చినా ఇప్పటికీ దానితో సరిపోల్చి చూస్తారు. ఒక ఆక్షేపణకు కోపం తెచ్చుకోకుండా కొలతలతో జవాబు చెప్పిన ఆ తీరును మన తరగతి గదుల్లో చెప్పుకోవాలి.

ఇక్కడ దూరాలను ఆంగ్‌స్ట్రామ్‌లలో కొలుస్తారు. మిల్లీమీటరులో కోటో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్. రెండు అమైనో ఆమ్లాల్లోని పరమాణువులు నాలుగైదు ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే అవి తాకుతున్నట్టు కొందరు లెక్కిస్తారు. ఒక్కో అమైనో ఆమ్లం నుంచి ఒక్క కార్బన్ పరమాణువునే తీసుకుని ఏడెనిమిది ఆంగ్‌స్ట్రామ్‌లను హద్దుగా పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. హద్దు మారితే జవాబు మారుతుంది. అందుకే ఏ హద్దు పెట్టుకున్నదీ ముందే చెప్పడం ఈ పనిలో మొదటి నియమం.

గచ్చిబౌలి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే శంషాబాద్ ఎంతో దూరం కాదు. ఆ గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో బ్రోతో చక్రబర్తి, నీతా పరేఖ్ తయారు చేసిన న్యాప్స్ అనే ఆన్‌లైన్ పరికరం 2016లో అంతర్జాతీయ పత్రికలో వెలువడింది. ప్రపంచ ప్రోటీన్ డేటా బ్యాంకులోని ఏదైనా నిర్మాణం సంకేతాన్ని దానికి ఇస్తే, ప్రతి అమైనో ఆమ్లాన్ని ఒక బిందువుగా, ప్రతి స్పర్శను ఒక గీతగా మార్చి వల గీస్తుంది. ఏ బిందువుకు ఎక్కువ గీతలున్నాయి, ఏ బిందువును తీసేస్తే దారులు తెగిపోతాయి, ప్రోటీన్ ఒక మూల నుంచి ఇంకో మూలకు పొట్టిదారి ఏది వంటివి లెక్కకట్టి చూపుతుంది. తరవాతి కాలంలో కదులుతున్న ప్రోటీన్లను, డీఎన్ఏతో జతకట్టిన ప్రోటీన్లను కూడా పరిశీలించేలా దాన్ని విస్తరించారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సరస్వతీ విశ్వేశ్వర అంతకుముందే ఈ వలల పద్ధతికి బాటలు వేశారు. ఇంత దగ్గర్లో, ఇంత పని జరిగింది.

కృత్రిమ మేధ వచ్చాక ఇవన్నీ ఎందుకన్న ప్రశ్న ఇప్పుడు సహజంగానే వస్తుంది. ఆల్ఫాఫోల్డ్ 20 కోట్లకు పైగా ప్రోటీన్ల ఆకారాలను ఊహించి అందరికీ తెరిచి పెట్టింది. దాని నిర్మాతలు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు 2024 రసాయన శాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. అది గొప్ప విజయమే. దానికి ముందు మెట్టు కూడా స్పర్శల లెక్కే. ఒకదాన్నొకటి తాకే రెండు అమైనో ఆమ్లాల్లో ఒకటి మారితే, పరిణామ క్రమంలో రెండోది కూడా దానికి తగ్గట్టు మారుతూ వస్తుంది. వేల జీవుల ప్రోటీన్లను పక్కపక్కన పెట్టి అలా జంటగా మారినవాటిని వెతికితే, ఏవి పొరుగున ఉన్నాయో నిర్మాణం చూడకుండానే చెప్పవచ్చు. కానీ సికిల్ సెల్ బీటా గొలుసును ఒంటరిగా తీసుకుని ఆకారం అడిగితే, మామూలు గొలుసుకు దానికి చెప్పుకోదగ్గ తేడా కనిపించదు. తేడా గొలుసులో లేదు, రెండు అణువుల నడుమ ఉంది, అదీ ఆక్సిజన్ లేని వేళలో. ఏ ప్రశ్న అడగాలో తెలిసిన మనిషి అవసరం ఇక్కడే పడుతుంది.

ఆ మనుషులను తయారు చేయాల్సింది కాలేజీలు. పాఠ్యపుస్తకాల్లో ప్రోటీన్ నిర్మాణానికి నాలుగు స్థాయులున్నాయని బొమ్మలతో సహా ఉంటుంది. విద్యార్థి వాటిని రాసి మార్కులు తెచ్చుకుంటాడు. నాలుగో స్థాయి అంటే నాలుగు గొలుసులు కలవడమని రాసిన విద్యార్థికే ఆ గొలుసులు ఎక్కడెక్కడ తాకుతున్నాయో చూపమంటే చూపలేడు. ఎవరూ చూపించలేదు మరి. శంషాబాద్, రాజేంద్రనగర్, మొయినాబాద్ చుట్టుపక్కల ఇంజనీరింగ్, ఫార్మసీ, డిగ్రీ కాలేజీలకు కొదవ లేదు. వాటిలో కంప్యూటర్ ల్యాబులున్నాయి. కావలసినది వారానికి రెండు గంటల సమయం, నేర్పాలన్న పట్టుదల ఉన్న అధ్యాపకుడు.

తొలి తరగతి ఎలా ఉండాలో చెప్పడం కష్టం కాదు. ప్రోటీన్ డేటా బ్యాంకులో 2హెచ్‌బీఎస్ అనే సంకేతంతో ఆక్సిజన్ లేని సికిల్ హిమోగ్లోబిన్ నిర్మాణం ఉంది. 1997లో 2.05 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో ప్రచురితమైనది. అందులో రెండు హిమోగ్లోబిన్ అణువులు పక్కపక్కనే ఉంటాయి. ఏ సాఫ్ట్‌వేరూ దింపుకోనక్కర్లేదు, ఆ వెబ్‌సైట్‌లోనే తిప్పి చూడవచ్చు. ఒక్కో బీటా గొలుసులో ఆరో స్థానాన్ని గుర్తించమనాలి. నాలుగున్నర ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు పక్క అణువుకు చెందినది ఏదైనా ఉందేమో వెతకమనాలి. అన్ని వాలీన్‌లకూ అలాంటి పొరుగు దొరకదు. ఎందుకు దొరకలేదని అడిగితే, పోగులో ప్రతి అణువు నుంచి ఒక వాలీన్ మాత్రమే ఈ గుంటలోకి దిగుతుందన్న సంగతి విద్యార్థికే తడుతుంది. తనంతట తాను కనిపెట్టిన ఆ సంగతిని ఎవరూ మరిచిపోరు. పాఠం తెలుగులో చెబితే మరీ మంచిది. రేపు ఈ విద్యార్థుల్లోనే కొందరు ఆసుపత్రుల్లో, పరీక్షా కేంద్రాల్లో కూర్చుని ఆ జబ్బు గురించి తెలుగులోనే చెప్పాల్సి వస్తుంది.

ఉద్యోగాలు రావన్న అభ్యంతరం ఈ ప్రాంతానికి వర్తించదు. శంషాబాద్ విమానాశ్రయ కార్గోలో మందుల కోసమే శీతల గదులున్నాయి. 2021 మే 1న స్పుత్నిక్ టీకా తొలి విడత మన దేశంలో దిగింది ఇక్కడే. ఇన్సులిన్, యాంటీబాడీ మందులు, ప్రోటీన్ టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ప్రయాణించాలన్న నియమం వెనక ఉన్నది కూడా స్పర్శల లెక్కే. ప్రోటీన్‌ను మడిచి పట్టుకునే స్పర్శలు వందల్లో ఉన్నా, విడగొట్టే శక్తులు కూడా దాదాపు అంతే బలంగా ఉంటాయి. రెండిటి తేడాగా మిగిలే నికర బలం మోలుకు 5 నుంచి 15 కిలో కాలరీలే, అంటే కొన్ని హైడ్రోజన్ బంధాలపాటి. వేడి తగిలితే ఆ కాస్తా కరిగిపోతుంది, మందు పనికిరాకుండా పోతుంది. జీవౌషధాలను తయారు చేసే నగరంలో ఈ లెక్క తెలిసిన యువతకు పని లేకపోవడం ఉండదు.

ప్రభుత్వం చేయాల్సింది కూడా పెద్ద బడ్జెట్ పని కాదు. ఉన్నత విద్యామండలి జీవరసాయన, ఫార్మసీ కోర్సుల్లో ఒక ప్రాక్టికల్‌గా దీన్ని చేర్చి, ట్రిపుల్ ఐటీ, సీసీఎంబీ (సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రం) పరిశోధకుల చేత అధ్యాపకులకు వేసవిలో శిక్షణ ఇప్పించవచ్చు. సీసీఎంబీలో రాజన్ శంకరనారాయణన్ బృందం ప్రోటీన్లలోకి తప్పు చేతివాటపు అమైనో ఆమ్లాలు చొరబడకుండా ఒక ఎంజైము ఎలా కాపలా కాస్తుందో చూపింది. ఆ ఎంజైము జంటగా పనిచేస్తుంది. జంటలో ఒకటి తన గ్లైసీన్, ప్రోలీన్‌లను రెండోదాని క్రియాస్థానంలోకి చాచి వచ్చినదాన్ని పరీక్షిస్తుంది. ఇదీ స్పర్శల కథే, మన ఊళ్లోనే బయటపడింది. బోధకులకు ఉదాహరణల కరువు రాదు.

సికిల్ సెల్ పాఠాన్నే ఇంకాస్త ముందుకు తీసుకుపోవచ్చు. బీటా గొలుసులో 121వ స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో గ్లుటమీన్ వస్తే దాన్ని హిమోగ్లోబిన్ డి-పంజాబ్ అంటారు. అది ఒక్కటే ఉన్నవారికి చెప్పుకోదగ్గ బాధ ఉండదు. తల్లి నుంచి సికిల్ జన్యువు, తండ్రి నుంచి ఈ డి-పంజాబ్ జన్యువు వచ్చిన బిడ్డకు మాత్రం తీవ్రమైన సికిల్ జబ్బే వస్తుంది. ఆరో స్థానానికి దూరంగా ఉన్న 121 ఇందులో ఎలా జోక్యం చేసుకుంటోంది? జవాబు అదే 2హెచ్‌బీఎస్‌లో ఉంది. పోగులో అణువులు ఒకదాన్నొకటి ఆనుకునే మరో చోటు ఆ 121 దగ్గరే. ఆ చుట్టుపక్కల పక్క అణువుకు చెందిన అమైనో ఆమ్లాలేమున్నాయో జాబితా రాయమని రెండో వారం తరగతిలో అడగవచ్చు.